చదవకుండా వదిలేసిన మాట

మా ప్రెస్సులో మా వదినను అందరూ ఒత్తులమ్మ అనేవాళ్ళు, అదీ చాటుగా. ఎదురుగా అనే ధైర్యం ప్రెస్సు యజమానికి కూడా లేదు. ఇరవై ఆరేళ్ళు ఒకే బల్ల ముందు, ఒకే కిటికీ వెలుతురులో ఎర్ర పెన్ను పట్టుకుని లోకంలోని అచ్చుతప్పులన్నీ దిద్దిన మనిషి. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చదివేది. ఒక ఒత్తు ఎగిరిపోయినా, ఒక సున్న ఎక్కువ పడినా కంపోజింగ్ గది దాకా వినపడేలా "ఎవరిదీ నిర్వాకం?" అని కేకేసేది. చేతిలో పెన్ను లేకపోతే బొటనవేలి గోటితో తప్పు కింద గీత పెట్టేది. మా ఇంట్లో మందుల డబ్బాల మీద, సబ్బు రేపర్ల మీద, బస్సు టిక్కెట్ల మీద ఆ గోటి గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

అన్ని తప్పుల్లోకీ ఆవిడకు పరమ శత్రువు ఒకటుంది. 'బాధ' అనే మాటను 'భాద' అని కొట్టడం. "ఒత్తు ద కింద ఉండాలమ్మా, బ కింద కాదు. రోజూ పడేదే కదా, రాయడం కూడా రాకపోతే ఎలా?" అని కంపోజింగ్ వాళ్ళను దులిపేసేది. మర్నాడు వాళ్ళు మళ్ళీ భాద అనే కొట్టేవాళ్ళు.

నేను ఆ ప్రెస్సులో చేరింది కాపీ చదవడానికి. అంటే, రచయిత రాసిచ్చిన కాగితాలు నా చేతిలో ఉంటాయి, అచ్చులో వచ్చిన ప్రూఫు ఆవిడ ముందుంటుంది. నేను పైకి చదువుతుంటే ఆవిడ వింటూ ప్రూఫులో సరిచూసుకుంటూ పోతుంది. కామా వస్తే కామా అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి. మొదటి రోజే నేను నా తెలివి చూపించాను. ఒక వాక్యం నాకెందుకో బాగాలేదనిపించి కాస్త సర్ది చదివాను. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"అమ్మాయ్, నీకు నచ్చింది చదవడానికి నిన్ను పెట్టుకోలేదు. ఉన్నది చదువు. ఒక్క మాట వదలకు, ఒక్క మాట కలపకు. నీ నోటినే నమ్ముకుని కూర్చున్నాను నేనిక్కడ."

నాకు ఒళ్ళు మండింది. నా నోరు అప్పుడూ మంచిది కాదు, ఇప్పుడూ కాదు. "అంత నమ్మకం లేకపోతే మీరే చదువుకోండి" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసమే నేను ఆ ప్రెస్సులో ఉండిపోయాను.

తర్వాత నన్ను తన తమ్ముడికి చేసుకుంది. ఆవిడే చేసుకుంది అంటాను, ఎందుకంటే ఆ వ్యవహారంలో మా ఆయన నోట్లోంచి ఒక్క మాట వచ్చి ఉంటే ఒట్టు. బస్సు నడుపుతాడు, హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడతాడు. పెళ్ళైన మర్నాడు "మీరు కాఫీ తాగుతారా వదినా?" అని అడిగితే, "మీరు అంటే బహువచనం. ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను, దిద్దుకో" అంది. అప్పటి నుంచి మా మధ్య నువ్వే. ఆవిడ మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా కదిలిస్తే "వచ్చిన సంబంధాల్లో ఒక్కటీ తప్పుల్లేకుండా రాలేదు" అనేది.

కింద రెండు గదులు మావి, మేడ మీద ఒక గది ఆవిడది. అందులో మంచం, బల్ల, ఒక చెక్క బీరువా. బీరువా నిండా డెబ్బై పుస్తకాలు, ఒక్కటీ చదివింది కాదు. అన్నీ రిటైరయ్యాక చదవడానికట. "బతుకంతా చదివాను గానీ ఒక్క పుస్తకం కూడా చదవలేదే. ఎప్పుడూ తప్పులే చూశాను. తప్పులు వెతక్కుండా ఒక్కటి చదవాలి, ఎలా ఉంటుందో" అనేది. అది చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో చిన్నపిల్ల కనపడేది నాకు.

కంప్యూటర్లు వచ్చాక కాపీ చదివే పని పోయింది. నేను బైండింగ్ గదిలోకి మారాను, అచ్చైన పెద్ద కాగితాలు మడిచి కుట్టడానికి. ఆరేళ్ళ కిందట వదినకు రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సర్ అన్నారు. ఒక పక్క తీసేశారు, మందులెక్కించారు, జుట్టంతా ఊడి మళ్ళీ వచ్చింది. ఆవిడ మళ్ళీ బల్ల ముందుకొచ్చి కూర్చుంది. పీడ విరగడైందనుకున్నాం.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం నా ముందుకు పిల్లల గైడు అట్టలు వచ్చాయి. 'విద్యార్థి దర్శిని'. వెయ్యి అట్టలు. మడవబోతూ చూద్దును కదా, థ పొట్టలో చుక్క లేదు. విద్యార్ధి అని పడింది. ప్రూఫు తీయించి చూస్తే కింద ఆవిడ సంతకం ఉంది. అట్ట పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికి పరిగెత్తాను.

"వదినా, ఈ చుక్క చూడు."

అట్టను దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది, తల ఒక పక్కకి వంచి కంటి కొసతో చూసింది. తర్వాత చిన్నగా చెప్పింది. "మధ్యలో మబ్బుందే. ఏ మాట మీద చూపు నిలిపితే ఆ మాటే కనపడదు. దాని చుట్టూ ఉన్నవన్నీ కనపడతాయి. నెల నుంచీ ఇంతే."

"నెల నుంచీనా? ఏం మనిషివి నువ్వు! చెప్పొద్దూ?" అని అరిచాను.

"చెబితే పని మాన్పిస్తావని చెప్పలేదు" అంది.

కళ్ళ డాక్టర్ చూసి పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ నాలుగు రోజులు పరీక్షలే పరీక్షలు. చివరి రోజు కళ్ళల్లో మందు చుక్కలు వేసి వదినను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. రేడియేషన్ డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నీ లోపలికి పిలిచింది. సన్నగా, చిన్నగా ఉంటుంది గానీ మాట నాన్చే రకం కాదు.

"రెండు కళ్ళ వెనకా మచ్చలున్నాయి. రొమ్ము నుంచి పాకినవే. ఊపిరితిత్తుల్లోనూ, కాలేయంలోనూ ఉంది."

"తగ్గుతుందా డాక్టర్‌గారూ?" అని అడిగాడు మా ఆయన.

"జబ్బు తగ్గదండీ. కంటికి రేడియేషన్ ఇస్తే చూపు నిలబడుతుంది. చాలామందికి కొంత తిరిగి వస్తుంది కూడా. ఉన్నన్నాళ్ళూ చూపుతో ఉంటారు."

"ఎన్నాళ్ళు?" అన్నాను నేను.

"నెలలు. ఇన్ని అని నేను చెప్పలేను." మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆవిడకు నన్ను చెప్పమంటారా, మీరు చెబుతారా?"

మా ఆయన అప్పటికే చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టేసుకున్నాడు. "నేను చెబుతాను" అన్నాను.

"చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పండి. చూపు వచ్చాక దాచుకోవద్దనండి. చూడాలనుకున్నవన్నీ చూసెయ్యమనండి" అంటూ ఒక ఫారం ఇచ్చింది. పేషెంటుకు చదివి వినిపించి సంతకం పెట్టించుకు రమ్మంది.

బయటికొచ్చి వదిన పక్కన కూర్చున్నాను. చుక్కల మందుకి ఆవిడ కళ్ళు నల్లగా, పెద్దగా అయిపోయి ఉన్నాయి. "కాగితమా? చదువు. ఎన్నేళ్ళైందో నీ చేత చదివించుకుని" అని సర్దుకుని కూర్చుంది. నిజంగా సంబరపడింది, చెబితే నమ్మరు. నేను చదివాను. పేరు, వయసు, వివరాలు. "ఈ చికిత్స వల్ల చూపు మెరుగుపడవచ్చు, కామా, బాధ తగ్గవచ్చు, ఫుల్‌స్టాప్." అక్కడ ఫారంలో భాద అనే ఉంది. తర్వాతి వాక్యం నా కంటికి ముందే కనపడింది. వ్యాధిని పూర్తిగా నయం చేయడం ఈ చికిత్స ఉద్దేశం కాదు.

"వ్యాధిని పూర్తిగా నయం చేయడం ఈ చికిత్స ఉద్దేశం" దాకా చదివాను. ఆవిడ తల నా వైపు వాల్చి, పాత రోజుల్లోలాగే, చెవి రిక్కించి వింటోంది. "ఉద్దేశం. ఫుల్‌స్టాప్" అన్నాను.

వదిన నుదురు చిట్లించింది. "చివర్లో ఏదో తగ్గినట్టు లేదూ?"

"లేదు. అంతే ఉంది."

"సరే, ఆసుపత్రి వాళ్ళ రచన అలాగే ఏడుస్తుంది" అని నవ్వి, నేను వేలు పెట్టిన చోట సంతకం చేసింది. డాక్టరమ్మ వచ్చి "అంతా అర్థమైందా అమ్మా?" అని అడిగితే, "మా మరదలు చదివిందండీ. నోటి దురుసేగానీ అది చదివితే కాపీలో ఒక్క మాట తప్పదు" అంది. భూమి బద్దలై నన్ను మింగేసినా బాగుండేది. నేను మాత్రం పళ్ళికిలించి తలూపాను. సిగ్గులేని జన్మ.

పది రోజులు రేడియేషన్ పెట్టారు, ఆదివారాలు వదిలేసి. కదలకుండా ఉండటానికి ముందుగా ఒక ప్లాస్టిక్ రేకును వేడినీళ్ళలో మెత్తబరిచి ఆవిడ మొహం మీద పరిచి అచ్చు తీశారు. రోజూ ఆ తొడుగు మొహానికి పెట్టి బల్లకు బిగించేవాళ్ళు. మెషిన్ దగ్గరుండే అమ్మాయి గాజు అవతల నుంచి "కదలొద్దమ్మా, అయిపోవచ్చింది" అని మైకులో చెప్పేది. నిమిషాల్లో అయిపోయేది. బయటికొచ్చేసరికి నుదుటి మీద, చెంపల మీద తొడుగు కన్నాలు గుండ్రంగా అచ్చు పడి ఉండేవి. "నన్నే అచ్చేశారే. చూడు, తప్పులేమైనా పడ్డాయా?" అనేది. నేను నవ్వేదాన్ని. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని.

మొదట కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కారాయి. మనిషి నీరసించింది. నాలుగు వారాలకు ఒక పొద్దున మేడ మీంచి గోడ పట్టుకుంటూ దిగొచ్చింది. "ఏమే మరదలా, గడియారంలో సెకన్ల ముల్లు కనపడుతోందే! తిరుగుతోంది చూడు!" అంది. మా ఆయన అక్క కాళ్ళ దగ్గర కూలబడి గుక్కపట్టి ఏడ్చాడు. "పిచ్చి వెధవా, బాగైతే ఏడుస్తావేంట్రా?" అని తమ్ముడి నెత్తిన మొట్టింది.

అక్కడి నుంచి మొదలైంది నాకు నరకం. వదిన కళ్ళు దాచుకోవడం మొదలుపెట్టింది. పొద్దున టిఫిన్ తినగానే మెత్తటి గుడ్డ తడిపి కళ్ళకు కట్టుకుని కిటికీ పక్కన కూర్చునేది. మళ్ళీ అన్నానికి విప్పేది. తిని మళ్ళీ కట్టుకునేది. ఈ ఏడాది స్కూలు పుస్తకాల పని మొదలయ్యేసరికి ప్రెస్సుకు వెళ్ళాలని ఆవిడ లెక్క. అప్పటికి కళ్ళు తాజాగా ఉండాలట.

బీరువాలోంచి ఒక పుస్తకం తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను. నావ మీద దేశాలు తిరిగినాయన రాసుకున్న పుస్తకం, మేమిద్దరం చేరకముందు మా ప్రెస్సులోనే అచ్చయింది. "ఒక్క పేజీ చదవరాదూ? చదవొచ్చని డాక్టరమ్మ కూడా చెప్పింది" అన్నాను.

"ఆవిడకేం, చెబుతుంది. ఈ కళ్ళతో ఇంకా పదేళ్ళు బండి లాగాల్సింది నేను. కొత్త బట్టలు కట్టుకుని గిన్నెలు తోముతామా? ఇప్పుడే వాడేస్తే ఎలా? తీసుకెళ్ళి లోపల పెట్టు" అంది గుడ్డ విప్పకుండానే.

కిటికీ బయట వెలుతురు ఉండేది, ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు ఎగురుతుండేవి, వీధిలో పిల్లలు సైకిళ్ళు తొక్కుతుండేవాళ్ళు. ఆవిడ కళ్ళు బాగున్నాయి, ఇవన్నీ కనపడే కళ్ళు. వాటికి గంతలు కట్టింది నేనే. నేను వదిలేసిన ఆ ఒక్క మాటే.

రెండుసార్లు చెప్పడానికి మేడెక్కాను. "వదినా, ఒక మాట" అన్నాను. "చెప్పవే" అంది. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని నీళ్ళు నమిలి దిగొచ్చాను. ఊరందరి మీదా ఒంటికాలి మీద లేచే నా నోరు అక్కడ మాత్రం పెగల్లేదు. మా ఆయనతో పోట్లాడాను.

"మీ అక్క, మీరు చెప్పండి."

"ఉన్న నాలుగు రోజులూ ఆశతో ఉండనీవే."

"ఆశతో ఉండనివ్వండి, ఎవరొద్దన్నారు? గుడ్డ కట్టుకుని ఉండటమేంటి?"

"మరైతే నువ్వే చెప్పు" అన్నాడు. మా ఇద్దరి పిరికితనం మధ్య రోజులు పోయాయి.

తర్వాత దగ్గు మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం. ఒక రోజు ప్రెస్సు నుంచి మధ్యాహ్నమే వచ్చి మేడ మీదికి వెళ్ళాను. వదిన కిటికీ దగ్గర కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. గుడ్డ బల్ల మీద మడిచి ఉంది. ఒళ్ళో ఆసుపత్రి ఫైలు. దగ్గు మందు చీటీ కోసం కింద నా బీరువా పైన వెతికిందట. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఆసుపత్రి వాళ్ళు మాకిచ్చిన ఆ సంతకం ఫారం నకలు తీసి విడిగా పెట్టుకుంది.

"కుర్చీ లాక్కో. కాపీ చదువు" అంది.

"వదినా..."

"మూడో పేరా నుంచి చదువు. నేను చూసుకుంటాను."

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆవిడ పెన్ను మొన లైను కింద పెట్టింది. "ఈ చికిత్స వల్ల చూపు మెరుగుపడవచ్చు, కామా, బాధ తగ్గవచ్చు, ఫుల్‌స్టాప్" అని చదివాను. భాద మీద అప్పటికే ఎర్ర గీత ఉంది, మార్జిన్‌లో గుండ్రటి అక్షరాలతో బాధ అని రాసి ఉంది.

"ఇంత ఆసుపత్రి కట్టారు, బాధ రాయడం రాలేదు వీళ్ళకి. ఊఁ, కానీ."

"వ్యాధిని పూర్తిగా నయం చేయడం ఈ చికిత్స ఉద్దేశం" అని ఆగాను. పెన్ను మొన చివరి మాట కింద నిలబడి ఉంది.

"ఆ రోజు ఇక్కడ ఫుల్‌స్టాప్ అన్నావు" అంది.

నేను తల దించుకున్నాను.

"చదవవే."

"కాదు" అన్నాను.

"ఫుల్‌స్టాప్?"

"ఫుల్‌స్టాప్."

వదిన పెన్నుకి మూత పెట్టింది. "ఏదో తగ్గిందని అప్పుడే అన్నాను. నా చెవి బాగానే ఉందన్నమాట" అంది. కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత అడిగింది. "నాకు చూపొచ్చి ఎన్నాళ్ళైందే?"

"ఆరు వారాలు."

"ఆరు వారాలు" అంది. బల్ల మీది గుడ్డ కేసి చూసింది. "చదువుకోవచ్చని నిజంగానే చెప్పిందా డాక్టరమ్మ?"

"దాచుకోవద్దని చెప్పమంది. చూడాలనుకున్నవన్నీ చూసెయ్యమంది."

తిడుతుందనుకున్నాను. తిట్టినా, లాగి ఒక్కటి కొట్టినా బతికిపోయేదాన్ని. "నీ నోటినే నమ్ముకుని కూర్చున్నానే" అంది, అంతే. నేను ఆవిడ మోకాళ్ళ మీద తలపెట్టి బావురుమన్నాను. చాలాసేపటి తర్వాత నా జుట్టు మీద చెయ్యి వేసింది. "లే. ఆ నావ మనిషి పుస్తకం ఇలా ఇవ్వు. ఈ పెన్ను నువ్వుంచుకో. నేనడిగినా ఇవ్వకు" అంది.

ఆ తర్వాత ఆవిడ ఉన్నది పందొమ్మిది రోజులు. నొప్పికి వేసే మందు మత్తుగా ఉండేది. ఒక పేజీ చదివితే ఒక గంట కళ్ళు మూతలు పడేవి. నేను ప్రెస్సుకు సెలవు పెట్టేశాను. పక్కనే కూర్చుని గంటకోసారి "కనపడుతోందా వదినా?" అని అడిగేదాన్ని. "బాగానే కనపడుతోందే. సముద్రం భలే రాశాడు. నువ్వలా గుచ్చిగుచ్చి అడక్కు" అనేది. పేజీ తిప్పేది. చివరి వారం కూడా తిప్పింది. ఒక ఉదయం కాఫీ పట్టుకెళ్ళేసరికి పుస్తకం గుండెల మీదే ఉంది, ఊపిరి లేదు.

నెల తర్వాత గది సర్దుతూ ఆ పుస్తకం తీశాను. యాభై ఎనిమిదో పేజీలో గుర్తు కాగితం ఉంది. డెబ్బై పుస్తకాల్లో ఆవిడకు దక్కింది ఆ యాభై ఎనిమిది పేజీలే. మొదటి నుంచీ ఒక్కో పేజీ తిరగేశాను. నలభై మూడో పేజీలో, పై నుంచి ఆరో లైనులో, 'భాద' అని పడింది.

దాని కింద గోటి గీత లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి వంచి చూశాను. వేలితో తడిమి చూశాను. కాగితం నున్నగా ఉంది.

చూసి వదిలేసిందేమో. బతుకంతా కోరుకున్నట్టే, తప్పులు వెతక్కుండా చదువుతూ పోయిందేమో. లేకపోతే అప్పటికే మబ్బు మళ్ళీ కమ్మేసిందేమో, నేను చూస్తున్నానని ఉత్తినే పేజీలు తిప్పిందేమో. బాగానే కనపడుతోందే అని నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పిందో, నాలాగే ఒక మాట వదిలేసి చెప్పిందో నాకు తెలియదు. రోజూ ఆ పేజీ తీసి చూస్తాను. ఎర్ర పెన్ను నా దగ్గరే ఉంది. ఆ తప్పు మాత్రం ఇంకా దిద్దలేదు.